ఒకే సిములింక్ మోడల్ మీద ఏడుగురం పనిచేస్తున్నాం. లాక్ పెట్టుకోవాలా, బ్రాంచ్‌లలో చేసి మెర్జ్ చేసుకోవాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: బ్యాటరీ థర్మల్ కంట్రోల్ మోడల్, అంటే కారు బ్యాటరీ వేడిని అదుపులో పెట్టే లాజిక్‌ని సిములింక్ అనే టూల్‌లో బ్లాకులుగా గీసినది, మొత్తం ఒకే ఎస్‌ఎల్‌ఎక్స్ (సిములింక్ మోడల్) ఫైల్‌లో ఉంది. దాని మీద హైదరాబాద్‌లో నలుగురు, జర్మనీలో ముగ్గురు పనిచేస్తున్నారు. ఫైల్ గిట్‌లో, అంటే ఫైళ్ళలో మార్పుల చరిత్ర దాచే టూల్‌లో ఉంది. ప్రతి స్ప్రింట్ (రెండు వారాల పని విడత) చివర మెర్జ్‌కే, అంటే అందరి మార్పుల్నీ ఒకటిగా కలపడానికే, రెండు రోజులు పోతున్నాయి. మీ సీనియర్ లాక్ పెట్టేద్దాం, అంటే ఒకసారి ఒకరే ఫైల్ మార్చేలా చేద్దాం అంటున్నారు. జర్మనీ వాళ్ళు బ్రాంచ్‌లే, అంటే ఎవరి కాపీలో వాళ్ళు పనిచేసి తర్వాత కలపడమే కావాలంటున్నారు. ఎవరి మాట వినాలి, ప్రాజెక్టు మధ్యలో ఉండగా పద్ధతి ఎలా మార్చాలి అన్నది ప్రశ్న.

నేరుగా చెప్పేస్తాను. ఆ ఒక్క ఫైల్ అలాగే ఉన్నంతకాలం లాక్ పెట్టినా బాధే, బ్రాంచ్‌లు పెట్టినా బాధే. ముందు మోడల్‌ని ముక్కలు చేయండి. ఒక్కో ముక్క ఒక్కో ఫైల్, ఒక్కో ఫైల్‌కి ఒక ఓనర్. ముక్కల మధ్య వెళ్ళే సిగ్నల్స్, అంటే ఇంటర్‌ఫేస్, వేరే ఫైల్‌లో పెట్టి దాన్ని అందరికీ చెప్పకుండా ఎవరూ ముట్టుకోకూడదని నియమం పెట్టుకోండి. అప్పుడు ముక్క స్థాయిలో లాక్ పెట్టుకోవచ్చు, బ్రాంచ్‌లూ ఉంచుకోవచ్చు. ఒకే ముక్కని ఒకే సమయంలో రెండు బ్రాంచ్‌లలో మార్చకపోతే చాలు. మెర్జ్ టూల్‌ని తప్పనిసరైన రోజుకి దాచుకోండి, రోజువారీ పనికి దాని మీద ఆధారపడకండి.

నేను పదిహేనేళ్ళుగా ఈ మోడల్స్‌తోనే ఉన్నాను, మొదట బ్రేకుల కంట్రోలర్లు, తర్వాత బ్యాటరీలు. ఇప్పుడు రాసేవన్నీ ఆ పనిలో దెబ్బలు తిని నేర్చుకున్నవే.

కోడ్‌కి పనికొచ్చే మెర్జ్ మోడల్‌కి ఎందుకు పనికిరాదు అన్నది ముందు చూద్దాం, ఎందుకంటే జర్మనీ వాళ్ళ వాదన అంతా దాని మీదే ఉంటుంది. గిట్ 2005లో లైనక్స్ కెర్నెల్ కోడ్ కోసం పుట్టింది. మెర్జ్ చేసేటప్పుడు దానికి తెలిసిందల్లా టెక్స్ట్, అందులోని లైన్లు. మోడల్ అంటే లైన్ల వరుస కాదు, ఒకదానికొకటి ముడిపడి ఉన్న బ్లాకుల వల. 2012లో ఎస్‌ఎల్‌ఎక్స్ ఫార్మాట్ రాకముందు ఎండీఎల్ అనే టెక్స్ట్ ఫైల్ ఉండేది. ఎస్‌ఎల్‌ఎక్స్ నిజానికి ఒక జిప్, పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల ఎక్స్‌ఎంఎల్ అనే టెక్స్ట్ ఫైళ్ళు కనిపిస్తాయి. "మరి దాన్ని విప్పి ఆ ఎక్స్‌ఎంఎల్‌నే గిట్‌లో పెట్టుకుంటే మామూలు మెర్జ్ పనిచేస్తుంది కదా" అని మీ టీమ్‌లో ఎవరికో ఒకరికి తడుతుంది. వద్దు. దానికి నా దగ్గర గట్టి కారణమే ఉంది.

సిములింక్ ప్రతి బ్లాక్‌కీ ఒక నంబర్ ఇస్తుంది, ఎస్‌ఐడీ అంటారు. ఇప్పటిదాకా వాడిన పెద్ద నంబర్ ఎంత అన్నది కూడా ఫైల్‌లోనే రాసుకుంటుంది. అది 412 దగ్గర ఉందనుకోండి. మీరు మీ బ్రాంచ్‌లో ఒక గెయిన్ బ్లాక్ పెట్టారు, దానికి 413 వచ్చింది. అదే రోజు ఇంకొకరు వాళ్ళ బ్రాంచ్‌లో, ఫైల్‌లో ఎక్కడో దూరంగా, ఒక శాచురేషన్ బ్లాక్ పెట్టారు. దానికీ 413 వచ్చింది. ఇద్దరి ఫైళ్ళలోనూ పెద్ద నంబర్ 412 నుంచి 413కి మారింది. గిట్ కంటికి ఇద్దరూ ఒకే మార్పు చేశారు కాబట్టి అక్కడ గొడవే లేదు. కాన్‌ఫ్లిక్ట్, అంటే రెండు మార్పులు పొసగడం లేదన్న హెచ్చరిక, రాదు, మెర్జ్ అయిపోతుంది, కానీ ఫైల్‌లో 413 నంబర్‌తో రెండు బ్లాకులు కూర్చుంటాయి.

ఎండీఎల్ రోజుల్లో మాకు సరిగ్గా ఇదే జరిగింది. రిక్వైర్‌మెంట్ లింకులు, అంటే ఏ అవసరాన్ని ఏ బ్లాక్ తీరుస్తుందో చూపే లింకులు, ఈ నంబర్‌ని పట్టుకునే వెళ్తాయి, దాంతో మా ఓవర్‌టెంపరేచర్ రిక్వైర్‌మెంట్ లింక్ సంబంధమే లేని బ్లాక్‌కి వెళ్ళి అతుక్కుంది. సిమ్యులేషన్ మామూలుగానే నడిచింది, టెస్టులు పాసయ్యాయి. నెల తర్వాత సేఫ్టీ ఆడిట్‌లో ఆడిటర్ ఆ లింక్ నొక్కి "ఇదేంటి?" అని అడిగినప్పుడు గదిలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఆ తర్వాత మూడు వారాలు ప్రతి లింక్‌నీ చేత్తో తెరిచి చూశాం.

కాబట్టి ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఏ రకం ఫైల్‌ని ఎలా చూడాలో గిట్‌కి చెప్పే గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఎస్‌ఎల్‌ఎక్స్‌నీ, ఎండీఎల్‌నీ, డేటా డిక్షనరీ ఫైళ్ళనీ (మోడల్ వాడే డేటా నిర్వచనాలు దాచేవి) బైనరీ, అంటే టెక్స్ట్ కాదు, అని రాసేయండి. అప్పుడు గిట్ వాటిని సొంతంగా కలిపే ప్రయత్నం చేయదు, కాన్‌ఫ్లిక్ట్ అని మనకే చెప్తుంది. కలపాల్సి వస్తే సిములింక్ సొంత త్రీ-వే మెర్జ్ టూల్‌తోనే కలపండి, దానికి బ్లాకులంటే ఏమిటో తెలుసు. స్ప్రింట్ చివర మీరు పడుతున్న తంటాల్లో కొంత బ్లాకుల స్థానాల వల్లే వస్తుండవచ్చు. ఎవరో అందంగా కనిపించాలని బ్లాకులన్నీ పది పిక్సెళ్ళు పక్కకి జరుపుతారు, తేడాల జాబితా వందల్లోకి వెళ్తుంది, అందులో అసలు మార్పులు నాలుగే ఉంటాయి. కంపేర్ టూల్‌లో పనితీరుకి సంబంధం లేని మార్పుల్ని దాచే ఫిల్టర్ ఉంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. సర్దుడు పని, లాజిక్ పని ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకసారి దాచే మార్పుల కట్ట) పెట్టకండి.

ఇక మీ సీనియర్ గారి మాట, లాక్. ఆయన చెప్పిందాంట్లో న్యాయం ఉంది. పెద్ద ఫైళ్ళ కోసం గిట్‌కి జతచేసే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌లో లాక్ సౌకర్యం ఉంది, ఫైల్‌ని లాకబుల్ అని గుర్తుపెడితే లాక్ తీసుకునేదాకా అది మీ మెషీన్‌లో రీడ్-ఓన్లీగానే ఉంటుంది. ఎస్‌వీఎన్ అనే, గిట్ లాంటి పాత టూల్ వాడేవాళ్ళకి ఇది ఎప్పటినుంచో అలవాటే. కానీ ఏడుగురికి ఒకే ఫైల్ ఉన్నచోట లాక్ అంటే ఆరుగురు ఖాళీగా కూర్చోవడమే. అలా ఎవరూ కూర్చోరు, ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని పని మొదలుపెడతారు, లాక్ వదలగానే తమ కాపీని పైన వేసేస్తారు. ముందు మనిషి చేసిన పని గంగలో కలుస్తుంది. ఇది మెర్జ్ కంటే ప్రమాదం, ఎందుకంటే ఏం పోయిందో చెప్పేవాళ్ళే ఉండరు.

సెలవుల సంగతి సరేసరి. ఒక జనవరిలో మా కుర్రాడు సంక్రాంతికి భీమవరం బస్సెక్కే హడావుడిలో లాక్ వదలడం మర్చిపోయాడు. జర్మనీ వాళ్ళు క్రిస్మస్ సెలవుల నుంచి అప్పుడే వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి బలవంతంగా లాక్ తీసే అధికారం ఇవ్వలేదు, ఆ అధికారం ఉన్న నేనూ పండక్కి మా ఊరు వెళ్ళి ఉన్నాను. రెండు రోజులు అక్కడి ముగ్గురి పని ఆగిపోయింది. అప్పటినుంచి రెండు చోట్లా ఒక్కొక్కరికి లాక్ తీసే అధికారం ఇచ్చాం. సాయంత్రం వెళ్ళేముందు ఎవరి చేతిలో ఏ లాక్ ఉందో గ్రూప్‌లో ఒక్క లైన్ రాయడం పద్ధతి చేసుకున్నాం. మనకీ వాళ్ళకీ చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు తేడా. ఉదయం మనవాళ్ళు, మన సాయంత్రం నుంచి వాళ్ళు అని లాకుల్ని చేతులు మార్చుకుంటే ఆ తేడా నిజంగా మేలే చేస్తుంది.

ఇప్పుడు అసలు పని, ముక్కలు చేయడం. ముక్క అంటే స్క్రీన్ మీద ఒక చోట కనిపించే బ్లాకుల గుంపు కాదు. ఏ కారణంతో మారుతుందో చూసి కోయండి. మీ మోడల్‌లో నాకు తోచినంతవరకు టెంపరేచర్ సెన్సర్ల రీడింగ్ శుద్ధి చేయడం ఒకటి, సెల్ లోపలి వేడి అంచనా ఇంకొకటి, పంపు-ఫ్యాన్ కంట్రోల్ ఒకటి, ఫాల్ట్ లాజిక్ ఒకటి. పంపు సరఫరాదారు మారితే కంట్రోల్ ఒక్కటే మారాలి, సెల్ మారితే అంచనా ఒక్కటే మారాలి. ఒక చిన్న మార్పుకి మూడు ఫైళ్ళు తెరవాల్సి వస్తుంటే కోత తప్పు చోట పడిందని అర్థం, మొహమాటపడకుండా మళ్ళీ కోయండి.

సిములింక్‌లో ఇందుకు రెండు దారులున్నాయి. మోడల్ రిఫరెన్స్‌లో ప్రతి ముక్కా సొంతంగా నడిచే మోడల్, దాన్ని విడిగా సిమ్యులేట్ చేయొచ్చు, మారిన ముక్కనే మళ్ళీ బిల్డ్ చేయొచ్చు. సబ్‌సిస్టమ్ రిఫరెన్స్ మ్యాట్‌ల్యాబ్ (సిములింక్ దీనిలో భాగంగా నడుస్తుంది) 2019బి రిలీజ్‌లో వచ్చింది, తేలికైనది, ఫైల్ వేరుగా ఉంటుంది కానీ డేటా టైపులు, శాంపిల్ టైములు (ఎంత సమయానికోసారి లెక్క జరగాలన్నది) తనని పెట్టిన మోడల్ నుంచి తెచ్చుకోగలదు. నేనైతే వేరే వేరే మనుషుల చేతుల్లో ఉండే ముక్కలకి మోడల్ రిఫరెన్స్ వాడతాను, ఒకరి ముక్క లోపలి విభజనకి సబ్‌సిస్టమ్ రిఫరెన్స్ వాడతాను. మోడల్ రిఫరెన్స్ మొదట్లో విసిగిస్తుంది, అంచుల్లో ప్రతి సిగ్నల్‌కీ టైపు, సైజు, బస్ (కలిసి వెళ్ళే సిగ్నల్స్ కట్ట) అన్నీ స్పష్టంగా చెప్పమంటుంది. ఆ విసుగే మనకి కావాల్సింది, అది మనచేత ఇంటర్‌ఫేస్ రాయిస్తుంది.

ఇల్లు అలకగానే పండగ కాదు. ముక్కలు చేశాక గొడవలన్నీ ఫైల్ లోపలి నుంచి ముక్కల మధ్యకి జరుగుతాయి, ఇకనుంచి మీరు నిజంగా పంచుకునేది ఇంటర్‌ఫేస్‌నే. బస్ ఆబ్జెక్టులన్నీ ఒక వేరే డేటా డిక్షనరీలో పెట్టండి. ఒక్కో సిగ్నల్‌కి పేరు, యూనిట్, కనీసం-గరిష్ఠం, శాంపిల్ టైమ్, ఎవరు రాస్తారు, ఎవరెవరు చదువుతారు అని రాసుకోండి. ఇంకొక గడి తప్పకుండా పెట్టండి, గుర్తు, అంటే ప్లస్ ఏ దిశకి, మైనస్ ఏ దిశకి అన్నది. ప్యాక్ కరెంట్ విషయంలో ఇది మా పీకల మీదకి తెచ్చింది. ఒక ముక్కలో డిశ్చార్జ్ ప్లస్, ఇంకో ముక్కలో చార్జ్ ప్లస్ అనుకున్నారు. రెండింటికీ యూనిట్ ఆంపియరే కాబట్టి ఏ చెకింగ్ టూలూ నోరు మెదపలేదు. ఎవరి ముక్క వాళ్ళ టెస్టుల్లో బంగారంలా నడిచింది, కలిపాక కారు ఆపి ఉన్నప్పుడు చార్జింగ్ పెడితే బ్యాటరీ శాతం తగ్గడం మొదలైంది. వేడి లెక్కలో మాత్రం ఏ తేడా కనిపించలేదు, అక్కడ కరెంట్‌ని దానితోనే గుణించి (వర్గం) వాడతాం కాబట్టి గుర్తు మాయమైపోతుంది. అందుకే థర్మల్ వాళ్ళకి చాలా రోజులు అసలు తెలియనే లేదు.

ఇంటర్‌ఫేస్‌కి ఓనర్ ఒక్కరే ఉండాలి, ఆ మనిషి లాజిక్ రాసేవాళ్ళలో అందరికంటే బిజీగా ఉండే వ్యక్తి కాకూడదు. మార్పు కావాలంటే అడిగినవాళ్ళు, చదివేవాళ్ళు, ఓనర్ ముగ్గురూ ఒకే కాల్‌లో పావుగంట కూర్చోవాలి. మెయిల్‌లో వద్దు, మెయిల్ చదివామని అందరూ అంటారు. కొత్త సిగ్నల్ వస్తే బస్ చివర చేర్చండి, మధ్యలో పెడితే జెనరేట్ అయ్యే సీ కోడ్‌లో స్ట్రక్చర్ వరుస మారి, దాన్ని చేత్తో రాసిన కోడ్‌తో కలిపేవాళ్ళకి తలనొప్పి.

కాన్‌ఫ్లిక్ట్ రాలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం గురించి ఒకటి చెప్పాలి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఒకసారి స్టేట్‌ఫ్లో చార్ట్‌లో (ఏ షరతుకి ఏ స్థితిలోకి వెళ్ళాలో సిములింక్‌లో గీసే బొమ్మ) ఒకే స్టేట్ నుంచి బయటికి వెళ్ళే దారులకి ఇద్దరు చెరొకటి చేర్చారు. ఒకరిది "టెంపరేచర్ 45 దాటితే కూలింగ్", ఇంకొకరిది "సెన్సర్ పాడైతే ఫాల్ట్". తమ తమ బ్రాంచ్‌లలో రెండూ రెండో వరుసలో ఉన్నాయి. మెర్జ్ టూల్‌లో కలిపిన మనిషి ఫాల్ట్‌ని మూడో వరుసలో ఉంచాడు, చూడ్డానికి అందులో తప్పేం లేదు. స్టేట్‌ఫ్లో ఆ దారుల్ని వరుసలోనే చూస్తుంది, మొదట నిజమైనదాంట్లోకి వెళ్ళిపోతుంది. మా సెన్సర్ ఎన్‌టీసీ రకం, అంటే వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గేది, షార్ట్ అయితే రెసిస్టెన్స్ పడిపోయి విపరీతమైన వేడి ఉన్నట్టు చూపిస్తుంది. అంటే సెన్సర్ చచ్చిపోయిన క్షణాన కూలింగ్ షరతు ముందు నిజమవుతుంది, ఫాల్ట్ దాకా వెళ్ళనే వెళ్ళదు. బెంచ్ దగ్గర టెస్టర్ అమ్మాయి వైర్ షార్ట్ చేసి చూస్తుంటే ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది, డయాగ్నస్టిక్ స్క్రీన్ మీద మాత్రం ఫాల్ట్ కోడ్ లేదు. ఆ అమ్మాయి "ఫ్యాన్ తిరిగింది కదా, పాస్" అని రాసేసి ఉంటే అది కార్లలోకి వెళ్ళిపోయేది. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే ఆమెకి మనసులో దండం పెట్టుకుంటాను.

అందుకే స్టేట్‌ఫ్లో చార్ట్‌లకి మా దగ్గర మెర్జ్ నిషేధం, లాక్ మాత్రమే. మీరూ అలాగే చేయండని గట్టిగా చెప్తాను.

రోజూ ఇంటిగ్రేట్ చేయండి, స్ప్రింట్ చివర కాదు. రెండు వారాల తేడా రెండు రోజుల మెర్జ్ అవుతుంది, ఒక రోజు తేడా పావుగంటలో తేలిపోతుంది. రాత్రికి జెంకిన్స్ లాంటి, పనుల్ని తనంతట తానే నడిపే టూల్‌తో టాప్ మోడల్ (ముక్కలన్నీ కలిసే పై మోడల్) తెరిచి కనీసం అప్‌డేట్ డయాగ్రమ్, అదే మనం కంట్రోల్-డీ కొట్టేది, నడిపించండి. బస్ సరిపోలకపోయినా, సిగ్నల్ పేరు మారినా అక్కడే బయటపడుతుంది. తర్వాత మెల్లగా టెస్టులు చేర్చుకోవచ్చు. మ్యాట్‌ల్యాబ్ లైసెన్స్ ఒకటి దానికోసం పక్కన పెట్టమని మేనేజర్‌ని ఒప్పించండి, రెండు రోజుల మెర్జ్‌కి ఏడుగురి జీతం లెక్కేసి చూపిస్తే ఒప్పుకుంటారు.

అందరూ ఒకే మ్యాట్‌ల్యాబ్ రిలీజ్‌లో ఉండాలి. ఒకరు కొత్త రిలీజ్‌లో సేవ్ చేస్తే పాతదాంట్లో ఉన్నవాళ్ళకి ఆ ఫైల్ మామూలుగా తెరుచుకోదు, పాత వెర్షన్‌కి ఎక్స్‌పోర్ట్ చేసుకుంటూ ఉంటే అదో కొత్త గందరగోళం. సిములింక్ తనకోసం తయారుచేసుకునే ఎస్‌ఎల్‌పీఆర్‌జే ఫోల్డర్‌నీ, ఎస్‌ఎల్‌ఎక్స్‌సీ ఫైళ్ళనీ గిట్‌లో పెట్టకండి, అవి మళ్ళీ పుట్టించుకోగలిగేవే.

రివ్యూ సంగతి. మెర్జ్ రిక్వెస్ట్‌లో (మార్పుని కలిపేముందు ఇతరులకి చూపే అభ్యర్థన) "బైనరీ ఫైల్ మారింది" అని మాత్రమే కనిపిస్తే రివ్యూ చేసేవాళ్ళు ఓకే కొట్టేస్తారు, వాళ్ళ తప్పు కాదు. కంపేర్ రిపోర్ట్ పబ్లిష్ చేసి రిక్వెస్ట్‌కి జతచేయండి. బ్లాక్‌ని తీసేసి కొత్తగా గీయడం కంటే ఉన్నదాన్నే మార్చమని కొత్తవాళ్ళకి చెప్పండి. కొత్తగా గీస్తే నంబర్ మారిపోతుంది, పాత రిక్వైర్‌మెంట్ లింక్ తెగుతుంది.

సిస్టమ్ టీమ్ వాళ్ళ యూఎంఎల్ మోడల్‌కి (సిస్టమ్ నిర్మాణాన్ని బొమ్మలుగా గీసే పద్ధతి) కూడా ఇదేనా అని చివర్లో అడిగారు. టూల్ మారుతుంది, సూత్రం అదే. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అనే టూల్ అయితే అందరూ ఒకే డేటాబేస్ మీద పనిచేస్తూ యూజర్ సెక్యూరిటీ ఆన్ చేసి, లాక్ తీసుకున్నాకే ఎడిట్ చేసేలా పెట్టుకోవచ్చు. థేల్స్ కంపెనీ వాళ్ళు తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన కాపెల్లా అనే మోడలింగ్ టూల్‌కి, టీమ్ అంతా కలిసి పనిచేసేందుకు టీమ్ ఫర్ కాపెల్లా అని ఉంది, అందులో మీరు మారుస్తున్న ఎలిమెంట్ మిగతావాళ్ళకి అప్పటికప్పుడు లాక్ అవుతుంది. అంత చిన్న స్థాయిలో లాక్ దొరికితే పక్కవాళ్ళు ఆగాల్సిన అవసరం దాదాపు ఉండదు. 2025లో ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ ఆమోదించిన సిస్‌ఎంఎల్ 2 అనే మోడలింగ్ భాషలో మోడల్‌ని టెక్స్ట్‌గానే రాసుకోవచ్చు, గిట్‌కి అది బాగా నప్పుతుంది. అయినా కరెంట్ గుర్తు లాంటి గొడవల్ని టెక్స్ట్ ఆపలేదు, వాటికి మనుషులు మాట్లాడుకోవాల్సిందే. ఆటోసార్ (కార్ల సాఫ్ట్‌వేర్ ప్రమాణం) వాడే ఏఆర్‌ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళు మీ దగ్గర ఉంటే వాటిని ఎక్స్‌పోర్ట్ చేసే టూల్ ఒక్కటే ఉండేలా చూడండి. రెండు టూల్స్ రెండు వరుసల్లో రాస్తే ఏమీ మారకపోయినా ఫైల్ అంతా మారినట్టు కనిపిస్తుంది.

మధ్యలో ఉన్న ప్రాజెక్టుని మార్చడం గురించి. స్ప్రింట్ మధ్యలో కోయకండి. ఒక శుక్రవారం అన్ని బ్రాంచ్‌లూ కలిపేసి, అందరినీ రెండు రోజులు ఫైల్ ముట్టుకోవద్దని చెప్పి, ఆ పని ఒక్కరికే ఇవ్వండి. మొదట అంచు స్పష్టంగా ఉన్న ముక్కని, మీ మోడల్‌లో బహుశా సెన్సర్ ముక్కని, బయటికి తీయండి. ఫాల్ట్ లాజిక్ అన్నిటితోనూ ముడిపడి ఉంటుంది, దాన్ని ఆఖరికి ఉంచండి. పాత పెద్ద మోడల్‌ని పారేయకండి. ప్రతి ముక్క తీశాక పాతదానికీ కొత్తదానికీ అవే రికార్డ్ చేసిన కారు డేటా ఇచ్చి, అవుట్‌పుట్‌లని పక్కపక్కన పెట్టి, అడుగడుగునా సరిపోతున్నాయో లేదో చూడండి. కొద్దిగా తేడా వస్తే "రౌండింగ్ అయుంటుంది" అని వదిలేయకండి, మాకు ఒకసారి అలాంటి చిన్న తేడా వెనక ఒక డిలే బ్లాక్ తప్పు శాంపిల్ టైమ్‌తో కూర్చుని ఉంది.

మీ టాప్ లెవెల్‌లో ఎన్ని బస్‌లు ఉన్నాయో, ఫాల్ట్ చార్ట్ ఎవరి చేతిలో ఉందో రాస్తే, ఎక్కడ కోయాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.